పోలేరమ్మ ఊడ్చిన మిట్ట

ఇది పోలేరమ్మ కథ. నా గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిదనుకుని మొదలుపెట్టాను గాని, నేను రాకుండా ఈ కథ నడవదు. సిగ్గంతా అక్కడే ఉంది.

పోలేరమ్మకు అరవై రెండేళ్లో, అరవై నాలుగో. ఆధార్ కార్డులో ఒకటుంది, ఆమె చెప్పేది ఇంకొకటి. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఇందుకూరుపేట దాటి సముద్రం ఒడ్డుకు పోతే వచ్చే దిబ్బపాలెం ఆమెది. మొగుడు హజరత్తయ్య కామెర్లతో పోయి పదహారేళ్లయింది. అప్పటినుంచి ఆమె బతుకంతా ఎండు చేపల మీదే. కూతురు వినీల రొయ్యల కంపెనీలో తలలు తీసే పనికి పోతుంది. మనవరాలు చిట్టి నేను పని చేసే హైస్కూల్లోనే చదువుకుంది.

పొద్దున్నే పడవలు ఒడ్డెక్కగానే పోలేరమ్మ వేలంలో నెత్తళ్లనే చిన్న చేపలు పాడుకుంటుంది. కడిగి, పాత వల పరిచి, దాని మీద పలచగా ఆరబోస్తుంది. ఎండ ముదిరేలోగా రెండుసార్లు తిరగేస్తుంది. కాకులను తోలుతూ, పక్కవాళ్లతో కయ్యాలు పెట్టుకుంటూ, మధ్యాహ్నం సంగటి ముద్ద అక్కడే తింటుంది. ఎండినవాటిని తట్టకెత్తుకుని బస్సులో నెల్లూరు పోతుంది. వాసనని కండక్టరు వెనక సీటు చూపిస్తే, "నీ ఇంట్లో పులుసు కాగేటప్పుడు లేని వాసన ఇప్పుడు వచ్చిందా నాయనా" అని బస్సంతా నవ్వేలా చేసి, ముందు సీట్లోనే కూర్చునేది.

ఆమె పెట్టుకున్న గర్వం ఒక్కటే. ఆమె చేపలో ఇసుక తగలదు. కొనేవాళ్ల అరచేతిలో గుప్పెడు పోసి, "నోట్లో వేసుకుని నమలమ్మా. ఒక్క నలక తగిలితే డబ్బులియ్యబాక" అనేది. పదేళ్లలో ఎవరూ డబ్బులు ఎగ్గొట్టలేకపోయారు. నెలకోసారి మా ఇంటికీ కాగితంలో పొట్లం కట్టి పంపేది. చిట్టికి పరుగు నేర్పుతున్నందుకు. డబ్బు తీసుకోమంటే తిట్టేది.

నేను డ్రిల్లు మాస్టరుని. పేరు నరేంద్రబాబు. మాది వెంకటాచలం దగ్గర, వరి పొలాల ఊరు. సముద్రం పక్కన ఉద్యోగం వచ్చినప్పుడు ఏడాదిలో బదిలీ చేయించుకుందామనుకున్నాను. ఇరవై ఏళ్లయింది, ఇక్కడే ఉన్నాను. పాలెంలో అందరికీ 'డ్రిల్లు అయ్యోరు'నే.

ఇక మిట్ట సంగతి. పాలేనికీ సముద్రానికీ మధ్య కాస్త ఎత్తుగా ఉండే ఐదెకరాల ఇసుక నేలను మిట్ట అంటారు. రికార్డుల్లో అది పోరంబోకు. పాలెం లెక్కలో అది ఆడవాళ్లది. చిన్న చిన్న కొయ్యలు పాతి ఎవరి జాగా వాళ్లు గుర్తు పెట్టుకున్నారు. చేపలు ఆరబెట్టేది అక్కడే, కూతుళ్లకు సంబంధాలు మాట్లాడుకునేది అక్కడే. అక్కడ సిమెంటు అరుగులు కట్టించమని, అప్పుడు వానకు చేప పాడవదని, పోలేరమ్మ ముందుండి పన్నెండేళ్లు అర్జీలు పెట్టించింది. వాటిలో సగం అర్జీలు నేనే రాసి పెట్టాను.

ఏప్రిల్ నడుమ నుంచి జూన్ నడుమ దాకా వేట నిషేధం. గుడ్లు పెట్టే కాలమని చేపను పట్టనివ్వరు. పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. ఆ రెండు నెలలూ ఆడవాళ్లు వలలూ తట్టలూ ఇళ్లకు చేర్చుకుని మిట్ట మీద కాలు పెట్టరు. ఏడాదంతా నీచు తాగిన ఇసుక ఎండకు కాగి, గాలికి తిరగబడి, మళ్లీ శుభ్రం కావాలంటారు. ఆ రోజుల్లో కొత్తవాడు చూస్తే అది ఎవరికీ పట్టని నేల అనుకుంటాడు. నేను కొత్తవాడిని కాను.

మరొకటి కూడా చెప్పాలి. ఈ పాలెంలో పంచాయితీ జరిగే తీరు నేనింకెక్కడా చూడలేదు. నేను వచ్చిన మూడో ఏడు, కిషోర్ అనే అతని వల ఎవరిదో పడవ తగిలి చీలికలైంది. ఎవరి పడవో ఊరందరికీ తెలుసు. ఒడ్డున అందరూ కూర్చున్నారు. ఊరి పెద్ద గంగులయ్య ఎవరినీ ఏమీ అడగలేదు. కిషోరే లేచి, "వల నేనే అడ్డంగా ఏసినా. తప్పు నాదే" అని నిలబడ్డాడు. నాకు మతిపోయింది. గంగులయ్య సముద్రం వైపు చూస్తూ బీడీ ముట్టించుకున్నాడు. అది సగం కాలేలోపల పెంచల్ అనే అతను తల వంచుకుని లేచి, "ఆయనది కాదు, నాది" అన్నాడు. అప్పుడు కిషోర్ కూర్చున్నాడు. పదిరోజులు పెంచల్ కిషోర్ ఇంటి ముందు కూర్చుని వల అల్లి ఇచ్చాడు. ఇద్దరూ ఇప్పటికీ ఒకే బెంచీ మీద టీ తాగుతారు.

తర్వాత గంగులయ్యను అడిగాను, పేరు పెట్టి అడిగితే పోయేది కదా అని.

"పేరు పెట్టి అడిగితే కాదంటాడు అయ్యోరా. తన తప్పు ఇంకోడు నెత్తినేసుకుని నిలబడితే మాత్రం చూస్తా ఎట్టా కూర్చుంటాడు?"

"కూర్చుంటే?"

"ఇంతవరకూ ఎవురూ కూర్చోలా" అన్నాడు.

ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, స్కూల్లో పిల్లలకు ఎన్నిసార్లు చెప్పి ఉంటానో లెక్క లేదు. ఎవరైనా కిటికీ అద్దం పగలగొడితే ఈ కథ చెప్పి, ఆ పని చేసినవాడిని లేపేవాడిని. పనిచేసేది కూడా.

ఇట్లా ఉండగా అప్పటి ప్రభుత్వం తీరంలో ఒక స్టేడియం కడతామని ప్రకటించింది. ఐదెకరాల ఖాళీ స్థలం చూపించిన ఊరికి ఇస్తారట. నాలుగు మండలాలు పోటీ. ఆ కాగితం చూసిన రోజు నాకు అన్నం సహించలేదు. నేను కుర్రతనంలో నాలుగు వందల మీటర్ల పరుగులో రాష్ట్రంలో నాలుగోవాడిని. నాలుగోవాడికి ఏమీ ఇవ్వరు. ఇక్కడ చిట్టి సీమతుమ్మ ముళ్ల మధ్య, చెప్పులు లేని కాళ్లతో, నేనెప్పుడూ పరుగెత్తనంత వేగంగా పరుగెత్తుతోంది. దానికొక ట్రాక్ కావాలి. ఇది నిజమే. కాని శిలాఫలకం మీద 'క్రీడా సలహాదారు' అని నా పేరు వేస్తామని మండల నాయకుడు అన్నది కూడా నిజమే. రెండిట్లో ఏది ఎక్కువ నిజమని నన్ను అడగొద్దు.

ఖాళీ స్థలం అంటే మిట్ట ఒక్కటే ఉంది. ఫొటోలు పంపడానికి మూడు నెలలు గడువిచ్చారు. నేను మే నెల దాకా ఆగాను. కావాలనే ఆగాను. ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

అప్పటికీ మిట్ట మీద కొయ్యలున్నాయి. ఫొటోలో కొయ్యలు కనబడితే జవాబు చెప్పాలి. పోలేరమ్మ ఇంటికి పోయాను. ఆమె గడప ముందు కూర్చుని పాత తట్టకు ఈనెలు కడుతోంది.

"పోలేరమ్మా, ఆఫీసర్లు వస్తున్నారు. మిట్ట కాస్త శుభ్రంగా కనబడితే బాగుంటుంది. ఆ కొయ్యలు కూడా తీయించగలవా?"

"నిషేధంలో మిట్ట తొక్కకూడదు గదా అయ్యోరా."

"ఒక్కరోజుకు."

ఆమె నా ముఖంలోకి చూసింది. కళ్లు మెరిశాయి. "మన అరుగుల కోసమా?"

కాదు అనాల్సింది. రెండక్షరాల మాట. "అంతా మంచికే పోలేరమ్మా" అన్నాను.

మర్నాడు పొద్దున ఆమె ఇరవైమంది ఆడవాళ్లను లేపుకొచ్చింది. నిషేధంలో మిట్ట తొక్కుతున్నందుకు ముందు గంగమ్మకు టెంకాయ కొట్టి, తర్వాత దిగారు. కొయ్యలు పీకారు. ఈనెల చీపుళ్లతో ఐదెకరాలూ ఊడ్చారు. చీపురు చారలు తప్ప ఒక్క అడుగు కూడా కనబడకూడదని పోలేరమ్మ వెనక్కి నడుస్తూ తన అడుగులు తానే చెరిపేసుకుంది. నేను ఫోన్‌తో పదకొండు ఫొటోలు తీశాను. నివేదికలో 'ఎవరి వినియోగంలోనూ లేని ఖాళీ స్థలం' అని రాసి సంతకం పెట్టాను. ఫొటోలు చూసి పై ఆఫీసరు మెచ్చుకున్నాడు. ఇంత చదునైన నేల ఏ మండలమూ చూపించలేదట.

స్టేడియం మాకే వచ్చింది. శంకుస్థాపన రోజు పోలేరమ్మ షామియానా దగ్గరకు వచ్చి, "అరుగులకు ఇంత పెద్ద బండి వచ్చిందే" అని పొక్లెయిన్‌ను చూసి నవ్వింది. ఎవరో అసలు సంగతి చెప్పారు. ఆమె నా వైపు తిరగలేదు. ఇంటికి వెళ్లిపోయింది. శాలువా కప్పించుకుంటూ నేను చూశాను.

తర్వాతిది పేపర్లలో వచ్చిందే. ముందు ప్రహరీ గోడ కట్టారు. తర్వాత రెండు వేలమంది కూర్చునే గ్యాలరీ మొదలుపెట్టారు, పాలెంలో ఉండేది పన్నెండు వందలమందే అయినా. తాగునీటి కుళాయికి నిధులు లేవన్నవాళ్లే రాత్రిపూట ఆటలకు దీపాల స్తంభాలు దింపారు. గ్యాలరీ సగానికి రాగానే ఎన్నికలొచ్చి ప్రభుత్వం మారింది. పని ఆగింది. పాతవాళ్లు కోట్లు మింగారని కొత్తవాళ్లన్నారు. పిల్లల ఆటలు ఆపారని పాతవాళ్లన్నారు. నెల్లూరులో ఉన్న స్టేడియానికే దిక్కు లేదు, సముద్రం ఒడ్డున ఇంకొకటి ఎందుకని ఒకాయన టీవీలో అడిగాడు. మత్స్యకారుల బిడ్డలు ఆడుకోకూడదా అని ఇంకొకాయన బల్ల గుద్దాడు. ఎవరి నాయకుడి పేరు పెట్టాలన్నదానిపై నెలరోజులు ధర్నాలు నడిచాయి. ఇంతమంది ఇంత మాట్లాడారు గాని, ఒక్కరి నోట కూడా ఎండు చేప అన్న మాట రాలేదు. నా నోట కూడా.

ఆడవాళ్లు తారు రోడ్డు పక్కకు వచ్చారు. చేపల లారీలు, రొయ్యల మేత లారీలు పోతుంటే దుమ్మంతా చేప మీదే. పోలేరమ్మ తట్టలో నలక పడింది. నెల్లూరులో ఆమె దగ్గర కొనేవాళ్లు ఒకరొకరే పక్క గంపకు మారిపోయారు. ఇంట్లో జరుగుబాటు తగ్గింది. చిట్టి పదో తరగతి అయ్యాక వాళ్లమ్మతోపాటు రొయ్యల కంపెనీ బస్సెక్కింది. ఆ ట్రాక్ మీద అది ఒక్కసారి కూడా పరుగెత్తలేదు. అసలు ట్రాక్ వేస్తే కదా. గోడ లోపల సీమతుమ్మ మొలిచింది.

ఇన్ని జరిగినా పొట్లం మాత్రం ఆగలేదు. చిట్టికి పరుగు నేర్పడం మానేసినా నెలకోసారి వచ్చేది. ఇంట్లో నా భార్య రేవతి విప్పి వండేది. నేను ఏదో ఒక సాకు చెప్పి ఆ పూట పెరుగన్నం తినేవాడిని.

కిందటేడు విచారణ పెట్టారు. మిట్ట తమదని పాలెం ఆడవాళ్లు వేసిన అర్జీ ఎట్టకేలకు ఒక ఆఫీసరు చేతికి చేరింది. మంచివాడే. మా స్కూలు ఆవరణలో షామియానా వేయించి, అందరి ముందే అడుగుతానన్నాడు. ముందు వరసలో రెండు పార్టీల వాళ్లు, హెడ్మాస్టరు, తెల్లగుడ్డ కప్పిన కుర్చీలో నేను. ఆడవాళ్లు కింద పట్టాల మీద. వెనక గంగులయ్య. తరగతి గదుల కిటికీల్లో పిల్లలు.

ఆఫీసరు నా పదకొండు ఫొటోలు పైకెత్తి చూపించాడు. "మీరేమో ఇక్కడ చేపలు ఎండబెట్టేవాళ్లమంటున్నారు. ఇందులో ఒక్క గుర్తు కూడా లేదు. ఎవరైనా మీ చేత ఖాళీ చేయించారా? చేయించారని తేలితే ఈ భూమి మీకు తిరిగి ఇమ్మని రాస్తాను. భయపడకుండా చెప్పండి."

ఆడవాళ్లందరూ పోలేరమ్మ వైపు చూశారు. ఆమె మోకాళ్లు పట్టుకుని లేచింది. ఇంతే, నా పేరు చెబుతుందనుకున్నాను. చెప్పేస్తే ఒక రకంగా పీడ విరగడ అవుతుందని కూడా అనిపించింది.

"ఎవురూ చెప్పలా అయ్యా" అంది. "కొయ్యలు నేనే పీకినా. మిట్ట నేనే ఊడ్చినా. తప్పు నాదే."

అని, కూర్చోలేదు. నిలబడింది.

ఆఫీసరుకు అర్థం కాలేదు. ఆయనకెట్లా అర్థమవుతుంది. నాకు అర్థమైంది. పాలెంలో పుట్టినవాళ్లందరికీ ఎట్లా అర్థమైందో అట్లాగే అర్థమైంది. ఆడవాళ్లు తలలు దించుకున్నారు. గంగులయ్య సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు. ఒక్కరు కూడా నా వైపు చూడలేదు. చూస్తే పేరు పెట్టినట్టే అవుతుంది కదా. అంత మర్యాద ఇచ్చారు నాకు.

ఉద్యోగం పోతుందని భయపడ్డానని చెప్పుకుంటే కాస్త గౌరవంగా ఉంటుంది. అది కాదు. కిటికీల్లో పిల్లలున్నారు. కిటికీ అద్దం కథ విన్న పిల్లలు. వాళ్ల ముందు లేవడానికి సిగ్గేసింది. లేవకపోవడానికి సిగ్గు వేయలేదు అప్పుడు. పిల్లలను లేచి నిలబడమని చెప్పి జీతం తీసుకునేవాడిని నేను. కుర్చీ కప్పిన తెల్లగుడ్డను రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను.

"ఇంకేమైనా చెప్పేదుందా అమ్మా?" ఆఫీసరు అడిగాడు.

"నేను చెప్పేది అయిపోయిందయ్యా."

"మరి కూర్చో."

ఆమె కూర్చోలేదు. ఎండ షామియానా కిందికి జరిగి ఆమె పాదాల మీద పడింది. హెడ్మాస్టరు గడియారం చూసుకున్నాడు. చివరికి బంట్రోతు స్టాంపు ప్యాడ్ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె బొటనవేలు అద్ది, కొంగుకు తుడుచుకుని, మెల్లగా కూర్చుంది. 'వాడుకదారులు తమంతట తామే ఖాళీ చేశారు' అని రాసుకున్నారు. రెండు పార్టీల వాళ్లూ ఒకేసారి చప్పట్లు కొట్టారు. నెల తిరక్కుండా మిగిలిన గ్యాలరీకి కొత్త నిధులు వచ్చాయి. పేరు ఒక్కటే మారుతుందట.

పదిరోజులు నిద్ర లేక, పదకొండో రోజు ఉత్తరం రాసుకుని నెల్లూరులో ఆ విచారణ ఆఫీసుకు పోయాను. జరిగిందంతా రాశాను, మే నెలతో సహా. ఆఫీసరుకు బదిలీ అయిపోయింది. గుమాస్తా చదివి, నన్ను జాలిగా చూశాడు.

"ఇది తీసుకోవాలంటే ఆమె ఇచ్చిన వాంగ్మూలం తప్పని తేల్చాలి సార్. విచారణలో అబద్ధం చెప్పిందని ఆమె మీద రాయాలి. రాయమంటారా?"

ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను.

మొన్న ఆదివారం ధైర్యం చేసి ఆమె దగ్గరకు పోయాను. స్టేడియం గోడకు ఆనుకుని రోడ్డు పక్కన నెత్తళ్లు తిరగేస్తోంది. లారీ పోయినప్పుడల్లా కొంగుతో చేప మీద విసురుతోంది. ఉత్తరం చూపించి, గుమాస్తా మాట చెప్పాను. చదవడం రాదు ఆమెకు. నేనే చదివి వినిపించాను. మే నెల దాకా వచ్చి, కాగితం మడత సరిచేసుకుని మళ్లీ చదివాను.

ఆమె పని ఆపకుండా వింది.

"ఇప్పుడెందుకులే అయ్యోరా" అంది. "ఆ పొద్దు కాళ్లు పీకిందాకా నిలబడినా."

ఇంకో వరస నెత్తళ్లు తిరగేసింది.

"పోయిన వారం పంచాయితీ జరిగింది, నీకు తెలవదేమో. పెంచల్ పడవ ఇంజను ఎవురో చెడగొట్టినారు. పెంచల్ లేచి తప్పు నాదేనన్నాడు. ఎవురూ లెయ్యలా. గంగులయ్య మూడు బీడీలు కాల్చినాడు. కడాకి పేరు పెట్టి అడిగినాడు, ఆయన పుట్టి బుద్ధెరిగినాక మొదటిసారి." ఒక చేపలో గడ్డిపోచ తీసి పారేసింది. "వాడేమన్నాడో తెలుసా? డ్రిల్లు అయ్యోరే లెయ్యలేదు, నేనెందుకు లెయ్యాల అన్నాడు."

లారీ ఒకటి పోయింది. దుమ్ము అణిగేదాకా ఇద్దరం కళ్లు మూసుకున్నాం.

ఆమె పాత పేపరు ముక్క తీసి, గుప్పెడు గుప్పెడుగా నెత్తళ్లు పోసి, ఎప్పటిలాగే పొట్లం కట్టింది. నా చేతిలో పెట్టింది.

"నలకుంటాది" అంది, ఎక్కడో చూస్తూ. "రెండుసార్లు కడగమని చెప్పు ఇంట్లో."

తీసుకున్నాను.